నేను మార్చిన క్రియాపదం

పన్నెండేళ్ళుగా నేను ఒక క్రియాపదాన్ని మోస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి. నేను బడిపంతుల్ని, నా బరువులు అట్లాగే ఉంటాయి. ఇంకొకరైతే ఒక దొంగతనాన్నో, ద్రోహాన్నో మోస్తారు. నాది ఒక్క చిన్న మాట తేడా. ఆ తేడా కింద ఒక ఆడపిల్ల పరువు, ఒక తల్లి మాట, పద్దెనిమిది ఇళ్ళ నమ్మకం నలిగిపోయాయి. నా చొక్కా మాత్రం నలగలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళైతే నా ముఖం చూసి జాలిపడతారు, లేదా జాలిపడినట్టు నటిస్తారు. రెండూ నాకు పడవు. నేను గర్విష్ఠిని. ఈ మాట ఒప్పుకోవడం కూడా నాకు కొంచెం గర్వంగానే ఉంది, చూశారా, నా రోగం అది. నా పేరు రాయను. దాచేది నా కోసం కాదు, ఆ పిల్ల కోసం. ఆమెను లూర్దు అంటాను. తల్లిని ఆరోగ్యమ్మ అంటాను. మా వైపు క్రైస్తవ ఇళ్ళలో ఈ పేర్లు ఇంటికొకటి ఉంటాయి కాబట్టి వెతికినా లాభం లేదు.

మాది బాగేపల్లి తాలూకాలో ఒక ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆఫీసులో కన్నడం, సంతలో రెండూ. మా ముత్తాతల నాటి నుంచి కతోలికులం. నేను మిషన్ బడిలో కన్నడం చెప్పేవాణ్ణి. ఆదివారాలు గుడిలో ఉపదేశిని. ఉపదేశి అంటే, ఫాదరు లేనప్పుడు జనంతో జపాలు చెప్పించేవాడు, ఫాదరు ఉన్నప్పుడు ఆయన మాటను జనానికి అందించేవాడు. మాకు వచ్చే ఫాదర్లలో చాలామందికి తెలుగు రాదు. వాళ్ళు కన్నడంలో ప్రసంగం చేస్తుంటే నేను పక్కన నిలబడి వాక్యం వెంట వాక్యం తెలుగు చేసేవాణ్ణి. ఆయన ఊపిరి తీసుకునేలోపల నా వాక్యం పూర్తయ్యేది. ఒకసారి చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, ఈయన తల్లి కన్నడామెనా తెలుగామెనా అని అడిగాడట. ఆ మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు. పెండ్లి మాటలకు, పంచాయితీలకు, తాలూకా ఆఫీసు పనులకు, ఎవరికి ఏ భాష అడ్డం వచ్చినా నన్నే పిలిచేవారు. మాట ఇటు నుంచి అటు దాటాలంటే నా మీదుగానే దాటాలి. అంతకంటే గొప్ప పదవి నాకు అక్కరలేదనిపించేది.

ఆ రోజుల్లో, డెబ్బైల మధ్యలో, మాకు ఉన్న ఫాదరుకి యాభై దాటాయి. గంభీరమైన మనిషి. బడికి రెండు గదులు కట్టించాడు. నన్ను హెడ్‌మాస్టరును చేయమని పైకి రాసింది ఆయనే. నాకు ఆయనంటే గౌరవం. బాగేపల్లి అంగళ్ళలో శెట్లు, "మీ ఫాదరు దొడ్డ మనిషప్పా" అంటే, ఆ మంచితనంలో నాకూ సగం వాటా ఉన్నట్టు తల ఎత్తుకుని నడిచేవాణ్ణి.

లూర్దుకి అప్పుడు ఇరవై ఏళ్ళు. ఫాదరు బంగళా పక్క గదిలో ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పేది. ఒకరోజు మధ్యాహ్నం, బలిపీఠం గుడ్డకు కుట్టిన అంచు చూడాలని ఫాదరు ఆమెను లోపలికి పిలిపించాడు. కాసేపటికి ఆ పిల్ల కత్తెర, టేపు అక్కడే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరిగెత్తింది. లోపల ఏం జరిగిందో ఇక్కడ రాయను. నాకు తెలియక కాదు. అది ఆమె సొంతం. చెప్పాలనుకుంటే ఆమే చెబుతుంది. వాళ్ళ మాట నా నోట్లో పడి ఒకసారి పాడైంది, చాలు.

ఆరోగ్యమ్మకు భర్త లేడు. మూడెకరాల మెట్టలో వేరుశనగ, ఉలవ వేసుకుని కూతుర్ని చదివించుకుంది. ఆమె ఊరి పెద్దల దగ్గరికి పోలేదు. అరిచి గొడవ చేయలేదు. మా ఫాదర్లకు పైవాళ్ళుండే బెంగుళూరుకి బస్సెక్కింది. అక్కడ ఎవరి గుమ్మం ముందు కూర్చుందో, ఎంతసేపు కూర్చుందో నాకు తెలియదు. సంతకు తప్ప ఊరు దాటని మనిషి అంత దూరం ఒంటరిగా పోయి, అడగాల్సినవాళ్ళనే అడిగి వచ్చింది. పది రోజులకు అక్కడి నుంచి ఒక పెద్ద ఫాదరు విచారణకు వచ్చాడు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. నన్ను పిలిచారు. ఇంకెవరిని పిలుస్తారు?

గుడి వెనక, పూజ బట్టలు పెట్టుకునే గదిలో బల్ల వేశారు. పెద్ద ఫాదరు బల్ల ముందు, మా ఫాదరు ఆయనకు పక్కగా, కొంచెం వెనక్కి జరిగి కూర్చున్నారు. లూర్దు గోడ పక్క బెంచీ మీద ఉంది. ఆరోగ్యమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు. మధ్యలో నేను నిలబడ్డాను.

ఆరోగ్యమ్మకు అసలు కన్నడం రాదని కాదు. సంతలో కాయలు అమ్ముకునేంత కన్నడం మా వైపు అందరికీ వచ్చు. ఇట్లాంటిది చెప్పుకునేంత కన్నడం ఆమెకు రాదు. తెలుగులోనే ఆ మాట బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. చివరికి తల ఎత్తి, నన్ను దాటి, నేరుగా పెద్ద ఫాదరును చూస్తూ చెప్పింది.

"నా బిడ్డ మింద చెయ్యి ఏసినాడు సామీ, ఈ ఫాదరు."

తెలుగువాళ్ళకు ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు. చెయ్యి వేయడం వేరు, చెయ్యి చేసుకోవడం వేరు. చెయ్యి చేసుకున్నాడంటే కొట్టాడని. చెయ్యి వేశాడంటే ఏమిటో ప్రతి తల్లికీ తెలుసు. కన్నడంలో కూడా అచ్చం ఇట్లాంటివే రెండు మాటలు ఉన్నాయి. కై హాకోదు అంటే వేయడం. కై మాడోదు అంటే కొట్టడం. రెండు భాషల్లోనూ చెయ్యి ఉన్నచోటే ఉంటుంది, దాని పక్కన క్రియాపదం ఒక్కటే మారుతుంది. బడిలో ఈ పాఠం నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు.

నేను పెద్ద ఫాదరు వైపు తిరిగి అన్నాను: "మగళ మేలె కై మాడిద్రంతె."

కూతుర్ని కొట్టారట.

ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి. కొట్టడమే కదా. "యాకె?" అని అడిగాడు. ఎందుకు? ఇప్పుడు నేను ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కొట్టడం అనే మాట ఆరోగ్యమ్మ చెవిన పడకూడదు. ఆమె వైపు తిరిగి, ఆ మాట రాకుండా, "ఎందుకు చేసినాడని అడగతాండారమ్మా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఎందుకనా? నన్నా అడిగేది? పక్కనే కూసోనుండాడు గదా, ఆయప్పనే అడగమను."

కారణం ఆమెకు తెలియదట అని నేను కన్నడంలో చెప్పాను.

పెద్ద ఫాదరు రాసుకున్నాడు. అంతే. విచారణ పావుగంటలో అయిపోయింది. పెద్దవయసులో కోపం అదుపులో పెట్టుకోవాలని మా ఫాదరుకి హితవు చెప్పాడు. ఆరోగ్యమ్మ తలమీద చెయ్యి పెట్టి ఆశీర్వదించబోతే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. లూర్దు వైపు నేను చూడలేదు. చూడలేదంటే, చూడకుండా జాగ్రత్త పడ్డాను.

ఎందుకు చేశాను?

ఈ ప్రశ్న నాకు నేను ఎన్ని విధాలుగా వేసుకున్నానో. నన్ను ఎవరూ బెదిరించలేదు. ఎవరూ ముందుగా పిలిచి ఇట్లా చెప్పు అనలేదు. హెడ్‌మాస్టరు పని కోసమా అంటే, ఆ క్షణంలో అది నాకు గుర్తు కూడా లేదు, ఒట్టు. భయపడ్డానా? భయమైతే బాగుండేది, భయపడినవాణ్ణి చూసి లోకం కొంచెం మెత్తబడుతుంది. నాకు ఆ అర క్షణంలో కనబడింది బాగేపల్లి అంగడి వీధి. అక్కడ గద్దెల మీద కూర్చున్న శెట్లు, వాళ్ళ ముందు నుంచి నడిచిపోతున్న నేను, నా వెనక మొదలైన గుసగుస. మా గుడి పరువు, మా బడి పరువు, మా కతోలికుల పరువు అని పెద్ద మాటలు చాలా అనుకున్నాను తర్వాత. అవన్నీ తర్వాత కుట్టుకున్న అంచులు. నిజం ఏమిటంటే నేను తల దించుకుని నడవలేననుకున్నాను, అందుకని ఒక పిల్ల తల దించాను.

ఊళ్ళో మాట ఎట్లా తిరిగిందో చెప్పాలా? ఒక్క దెబ్బ కొడితే దానికి బెంగుళూరు దాకా పోయిందట ఆ తల్లి. పని సరిగా చేయకపోతే పెద్దాయన ఒకటి వేశాడేమో, దానికి ఇంత రచ్చా? ఆడవాళ్ళకు మాత్రం లోలోపల నిజం తెలుసు, ఆరోగ్యమ్మ దగ్గరికి పోయి ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. ఆడవాళ్ళు గట్టిగా ఏమీ అనలేదు, గుడికి రావడం మానేశారు. ఒక ఇల్లు, తర్వాత మూడు ఇళ్ళు. ఏడాది తిరిగేసరికి పద్దెనిమిది ఇళ్ళు. వచ్చేవాళ్ళలో కూడా ఒక కొత్త అలవాటు మొదలైంది. మా దగ్గర పూజ అయ్యాక పిల్లలు "స్తోత్రం సామీ" అంటారు, ఫాదరు వాళ్ళ తలమీద చెయ్యి పెడతాడు. ఇప్పుడు ఆయన చెయ్యి లేచేసరికి తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కునేవారు. ఆ ఫాదరుని కొన్నాళ్ళకు ఇంకో ఊరికి మార్చారు. ఆ ఊళ్ళో ఏం చేస్తున్నాడని నేను అడగలేదు. అడగకపోవడం రెండో తప్పా, మొదటి దానిలోనే భాగమా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

లూర్దు కుట్టుగదికి మళ్ళీ పోలేదు. చింతామణిలో వాళ్ళ పెద్దమ్మ ఉంటే అక్కడికి వెళ్ళిపోయింది. ఒక శెట్టిగారి బట్టల అంగడి అరుగు మీద మిషను వేసుకుని కూర్చుందని విన్నాను. నేను పిల్లలకు కన్నడం చెబుతూనే ఉన్నాను. హెడ్‌మాస్టరునయ్యాను కూడా.

పాపసంకీర్తనం చేసుకోలేదా అని మీరు అడుగుతారు. చేసుకున్నాను. ప్రతి పెద్ద పండక్కి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఒక అబద్ధం ఆడాను సామీ" అని చెప్పుకున్నాను. ఫాదరు మూడు మంగళవార్త జపాలు చెప్పమనేవాడు. చెప్పేవాణ్ణి. ఏ అబద్ధం, ఎవరిమీద, ఎవరి ముందు అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అక్కడ కూడా నేను అనువాదమే చేశాను.

ఎనభైలు మొదలయ్యాక మాకు ఒక కొత్త ఫాదరు వచ్చాడు. ముప్పై రెండో ముప్పై మూడో వయసు. మొదటి ఆదివారం గుడిలో ముసలివాళ్ళు పదిమంది, బడి పిల్లలు కొందరు, వాళ్ళ తల్లులు. పూజ అయ్యాక ఆయన చెయ్యి ఎత్తాడు, తల్లులు పిల్లల్ని లాక్కున్నారు. ఆయన ఆ చెయ్యిని గాలిలోనే ఆపి చూసుకున్నాడు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. ఏం జరిగిందని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. "నాకు తెలుగు నేర్పండి మేష్ట్రే" అన్నాడు.

నేర్పాను. నా జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో అది మొదటిది, దాని గురించి గొప్ప చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మూడో నెలలోనే, నేను పక్కన ఉండగానే, సొంతంగా తెలుగులో పూజ చెబుతానన్నాడు. సువిశేషం, అంటే సువార్త, చదవడానికి ముందు జనాన్ని నిలబడమనాలి. కన్నడంలో అయితే "ఎల్లరూ ఏళి" అంటారు. కన్నడంలో ఏళు అంటే లేవమనీ అర్థం, ఏడు అనే అంకె అనీ అర్థం; అంకె ఏళు తెలుగులో ఏడు అవుతుందని నేనే నేర్పి ఉన్నాను. ఆ లెక్కన ఆయన చేతులు చాపి, ఎంతో ప్రేమగా, "అందరూ ఏడండి" అన్నాడు.

ముందు వరసలో ఒక ముసలామె, "ఎందుకు సామీ, ఇప్పుడేమయింది?" అని అడిగింది. గుడి మొత్తం నవ్వింది. అన్నేళ్ళ తర్వాత ఆ గోడల మధ్య నవ్వు. ఫాదరు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. నిజమైన పొరపాటు ఇట్లా ఉంటుంది. చేసినవాడి చెవులు ఎర్రబడతాయి. దానివల్ల ఎవరికీ లాభం రాదు. నేను చేసినదానికి పొరపాటు అని పేరు పెట్టుకుని నాలో నేను కొంత సుఖంగానే ఉంటూ వచ్చాను. ఆ రోజు నుంచి ఆ సుఖం పోయింది.

తర్వాత నాలుగేళ్ళు మేమిద్దరం నడిచాం. పద్దెనిమిదిలో పదిహేడు ఇళ్ళకు నడిచాం. ఎండలో, దుమ్ములో, కొన్ని గుమ్మాల ముందు మజ్జిగ ఇచ్చారు, కొన్ని గుమ్మాల్లో తలుపు తీయలేదు. ఫాదరు ఎవర్నీ గుడికి రమ్మనలేదు. అరుగు మీద కూర్చుని వాళ్ళు చెప్పేది వినేవాడు. అర్థం కాని మాట వస్తే నావైపు చూసేవాడు, నేను చెప్పేవాణ్ణి, ఒక్క అక్షరం తేడా లేకుండా. గుడిలో పిల్లల తలమీద చెయ్యి పెట్టడం మానేశాడు. స్తోత్రం అంటే తానూ రెండు చేతులూ జోడించేవాడు. కుట్టుగది తాళంచెవి బంగళాలో ఉండకూడదని ఆడవాళ్ళ సంఘానికి ఇచ్చేశాడు. బంగళాలో ఎవరితో మాట్లాడినా తలుపు బార్లా తెరిచి ఉండాలని ముందు తనకు తానే కట్టడి పెట్టుకున్నాడు. ఆడవాళ్ళు అన్నీ చూశారు, ఒక్కటీ వదలకుండా. ఒక్కో ఇల్లు వెనక్కి రావడానికి నెలలు పట్టింది. ఒక ఆదివారం, పూజ అయ్యాక, ఒక అవ్వ ముందుకు వచ్చి, జోడించిన ఫాదరు చేతుల్లోంచి ఒక చేతిని తానే విడదీసి తన మనవరాలి తలమీద పెట్టింది. నాకు కన్నీళ్ళు వచ్చాయి. గర్వంతో వచ్చాయి. మా జనం అట్లాంటివాళ్ళు. ఊరికే నమ్మరు, నమ్మితే తమ చేత్తో నమ్ముతారు.

పదిహేడు ఇళ్ళు వచ్చాయి. ఆరోగ్యమ్మ రాలేదు.

ఫాదరు ఆమె ఇంటికి నన్ను పిలుచుకుపోలేదు. ఒక్కడే పోయాడు. అప్పటికి ఆయనకు తెలుగు బాగా వచ్చు. ఆమె మళ్ళీ అదే వాక్యం చెప్పింది, ఈసారి మధ్యలో ఎవరూ లేకుండా. ఆయన బెంగుళూరుకి రాసి పాత విచారణ కాగితాలు తెప్పించుకున్నాడు. వాటిలో కొట్టారని ఉంది. కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, చాలా మర్యాదగా అడిగాడు. చెయ్యి వేయడమంటే కొట్టడమా, మేష్ట్రే?

అది నాకు దొరికిన రెండో అవకాశం. ఆయన చేత్తో తీసి ఇచ్చినట్టే ఇచ్చాడు. నేను ఏమన్నాను? పొరపాటు జరిగి ఉంటుంది ఫాదర్, అన్నాను. రెండు భాషలూ పక్కపక్కనే ఉంటాయి కదా, తొందరలో కై హాకిద్రు అనబోయి కై మాడిద్రు అన్నానేమో, అన్నాను. మీరు ఏడండి అన్నట్టే, అని కూడా అన్నాను. ఆయన నమ్మాడు. నమ్మకపోవడానికి కారణం ఏముంది? మా వైపు ఇట్లాంటి పొరపాటు చేయనివాడు లేడు. నేను ఒక్కణ్ణే చేయను, ఆ సంగతి ఆయనకు తెలియదు.

ఉత్తరాలు నడిచాయి. కొన్ని నెలలకు బెంగుళూరు నుంచి ఈసారి ఇంకో పెద్దాయన వచ్చాడు. ఆదివారం పూజలో, అందరి ముందు, ఆ పిల్లకు, ఆ తల్లికి అన్యాయం జరిగిందని, తాము సరిగా వినలేదని చెప్పి, తల వంచి క్షమాపణ అడిగాడు. ఆ పాత ఫాదరు ఉన్న ఊళ్ళో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఫిర్యాదు చేశారని, ఆయన్ని పనిలోంచి తీసేశారని చెప్పాడు. ఇంకో ఇద్దరు. ఆ మాటను కన్నడంలోంచి తెలుగులోకి తెచ్చింది నేనే. ఇద్దరు అనే మాట దగ్గర ఆగి, వాక్యం మళ్ళీ మొదలుపెట్టాను. దుఃఖంతో అనుకున్నారు జనం.

లూర్దు చింతామణి నుంచి వచ్చి మూడో వరసలో తల్లి పక్కన కూర్చుంది. ఆకుపచ్చ చీర, నిటారుగా ఉన్న మెడ. చివర్లో మా ఫాదరు లేచి, మంచి మనసుతోనే, తన మాటలో దొర్లిన పొరపాటును ఇంత వయసులో ధైర్యంగా ఒప్పుకున్న మేష్ట్రుకు మనమంతా కృతజ్ఞులం అన్నాడు. గుడిలో చప్పట్లు. నిజం చెబుతాను, నా ఛాతీ ఉబ్బింది. అంత సిగ్గులో కూడా ఉబ్బింది. ఇద్దరు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆరోగ్యమ్మకు ఇంకా కోపం అనుకున్నాను. లూర్దు నావైపు చూస్తోంది. బడిలో తప్పు చదివిన పిల్లవైపు నేను చూసే చూపు అది. ఆ చూపు నేను గుర్తుపట్టాను.

రెండేళ్ళు ఆగాను. ఎందుకు ఆగానో అడగకండి. పోయిన వేసవిలో చింతామణి బస్సెక్కాను. లూర్దుకి ఇప్పుడు సొంత అంగడి ఉంది, నాలుగు మిషన్లు, నలుగురు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. బోర్డు మీద ఆమె పేరు కన్నడంలో, ఒత్తు దీర్ఘం తప్పు లేకుండా ఉంది. నన్ను చూసి కుర్చీ వేయించింది. మిగతావాళ్ళను టీ తాగి రమ్మని పంపింది. నేను నిలబడే చెప్పాను. పొరపాటు కాదమ్మా, తెలిసే మార్చాను, అన్నాను.

"నాకు ఆ దినమే తెలుసు సార్. ఏడో క్లాసు దాకా మీ దగ్గరే గదా నేను కన్నడం చదివింది."

ఆమె గుడ్డ మీద గీస్తున్న సుద్దముక్కను పక్కన పెట్టింది.

"మీరు ఆ మాట అంటానే నాకు అర్థమయింది. అయితే మీరు తప్పు చెప్తారని నేను అనుకోలే. కన్నడంలో దానికి అదే మాటేమో, నేనే తప్పు నేర్చుకున్నానేమో అనుకుంటి. శానా దినాలు అట్లే అనుకుంటి సార్. నాకు జరిగిందానికి పేరు కొట్టడమేనేమో అనుకుంటి."

ఆ ఒక్కమాటతో నా చదువంతా నా ముందే కూలిపోయింది. ఆ పిల్ల బెంచీ మీద నోరు విప్పకపోవడానికి కారణం భయమని ఇన్నేళ్ళు అనుకున్నాను. భయం కాదు. నా మీద నమ్మకం. నేను చెప్పిన పాఠాన్ని నమ్మి, తన ఒంటికి తెలిసిన దాన్ని అనుమానించింది. ఆ ఫాదరు చేసింది ఒకటైతే, నేను చేసింది ఇది. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. నాకు చెప్పి ఏం లాభం సార్, నాకు తెలిసిందే కదా, అమ్మకు తెలీదు, అమ్మకు చెప్పండి అంది. బస్సు టైమయిందని గుర్తుచేసింది. ఆ మర్యాద నన్ను ఏ తిట్టూ చేయనంత చేసింది. అయినా బస్సులో కూర్చుని, ఆ బోర్డు తలుచుకుని, ఆ నిటారు మెడ తలుచుకుని, అది నా బడి పిల్ల అని గర్వపడ్డాను. నాకు హక్కు లేని గర్వం. ఆపుకోలేకపోయాను.

మరుసటి రోజు పొద్దున్నే ఆరోగ్యమ్మ ఇంటికి పోయాను. వాకిట్లో చేటలో ఉలవలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. కూర్చోమనలేదు. ఎండలో నిలబడి చెప్పాను. ముందు మెల్లగా చెప్పాను. వినబడలేదంది. మళ్ళీ చెప్పాను. పక్కింటివాళ్ళు గోడమీంచి చూస్తున్నారు. ఇంకోసారి చెప్పమంది. మూడోసారి గట్టిగా చెప్పాను.

"పొరపాటు గాదా?"

"కాదమ్మా."

"తెలిసే చేసినావా?"

"తెలిసే చేసినాను."

ఆమె చేట కింద పెట్టింది. ఆమె తిట్టి ఉంటే, ఒక పిడికెడు మట్టి తీసి నామీద పోసి ఉంటే, నేను ఇంటికి పోయి పడుకునేవాణ్ణి.

"నా బిడ్డ అబద్ధం ఆడలేదని ఈ ఊర్లో నాకు ఒక్కదానికే తెలుసు అనుకుంటాంటిని, ఇన్నేండ్లూ" అంది. "నీగ్గూడా తెలుసన్నమాట."

అంతే అంది. చేట తీసుకుని లోపలికి పోయింది. ఆమె ఎంత ఒంటరిగా ఉందో నాకు అప్పుడు తెలిసింది. ఆమె పక్కన నిలబడగలిగినవాడు ఒక్కడు ఉండీ, రోజూ ఆమె ఇంటి ముందు నుంచే బడికి నడిచిపోయాడు.

ఆమె క్షమించలేదు. క్షమిస్తుందని నేను ఎదురుచూడటం లేదు. ఆదివారం ఆమె గుడికి వస్తుందో రాదో అది ఆమె ఇష్టం. గుడిలో చప్పట్లు కొట్టినవాళ్ళకు నేనింకా చెప్పలేదు. ఈ కాగితాలు వాళ్ళ చేతికీ పోతాయి, నా రాత వాళ్ళు గుర్తుపడతారు, గుర్తుపట్టాలి. నాకు నిద్ర పడుతోందా అని అడిగితే, పడుతోంది. అది కూడా కొంచెం అన్యాయమే అనిపిస్తుంది.

లూర్దు నిజం చెప్పింది. ఆరోగ్యమ్మ నిజం చెప్పింది. ఆమె అన్నది కొట్టాడని కాదు, చెయ్యి వేశాడని. నేను పొరబడలేదు. మార్చాను.